టీచరు గారి సంచి

మొన్న ఫ్రీమాంట్ నుంచి వచ్చిన స్నేహితురాలు తన క్యాబిన్ బ్యాగులోంచి ఒక బ్రౌన్ కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. "ఏముందే ఇందులో? సెక్యూరిటీలో రెండుసార్లు బయటికి తీయించారు, గలగలమంటోందని" అని విసుక్కుంది.

టేపు కోశానో లేదో గుప్పున అమృతాంజనం వాసన. దాని వెనకాలే ఇత్తడి వాసన. పాత నాణేలు గుప్పిట్లో చాలాసేపు పట్టుకుంటే చేతికి అంటుతుందే, ఆ వాసన.

బెల్లీ డాన్స్ నేర్పే అమెరికన్ ఆవిడ సామాన్లలో అమృతాంజనం సీసా ఎందుకుందో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

* * *

పెళ్ళయి కాలిఫోర్నియా వెళ్ళిన కొత్త. నాది డిపెండెంట్ వీసా. అప్పట్లో హెచ్4 మీద వెళ్ళినవాళ్ళు ఉద్యోగం చేయడానికి వీల్లేదు. 2015లో కొందరికి ఆ రూలు సడలించారు గానీ, అప్పటికి మేం మూటా ముల్లె సర్దుకుని ఇండియా వచ్చేశాం. నాకు కారు నడపడం రాదు. పొద్దున్నే ఆయన ఆఫీసుకి వెళితే మళ్ళీ చీకటి పడేదాకా ఇంట్లో నేనూ, ఫ్రిజ్ చప్పుడూ.

మూడు నెలలకోసారి ఊరి కమ్యూనిటీ సెంటర్ వాళ్ళ పుస్తకం ఒకటి పోస్టులో వచ్చేది. ఏ వారం ఏ క్లాసులో అందులో వేసేవాళ్ళు. కుండలు చేయడం, ఈత, కుక్కపిల్లలకి బుద్ధులు చెప్పడం. వాటి మధ్యలో "బెల్లీ డాన్స్, మంగళవారం సాయంత్రం, కొత్తవాళ్ళకి" అని ఒక్క లైను. నడిచి వెళ్ళే దూరంలో ఉన్నదీ, ఫీజు మాకు అందుబాటులో ఉన్నదీ అదొక్కటే. కళాతృష్ణ అనీ, తిరుగుబాటు అనీ చెప్పుకుంటే బాగుంటుంది గానీ అసలు కారణం ఇంతే.

"నేర్చుకో. మీ అమ్మకి మాత్రం చెప్పకు" అన్నారు మా ఆయన.

మొదటి రోజు సెంటర్ ముందు ఒక పాత స్టేషన్ వాగన్ ఆగి ఉంది. అరవై ఏళ్ళావిడ వెనక తలుపు తెరిచి, ఆకుపచ్చ కాన్వాసు సంచి ఒకటి కిందికి దించలేక అవస్థ పడుతున్నారు. మిలిటరీ వాళ్ళు భుజాన వేసుకునే రకం సంచి. పోయి ఒక కొస పట్టుకున్నాను. ఆ మంగళవారం నుంచి అది మోయడం నా డ్యూటీ అయిపోయింది.

క్లాసులో అందరూ ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్ళు, పదహారేళ్ళ పిల్లతో సహా. నాకు నోరు రాలేదు. "టీచరు గారూ" అన్నాను అలవాటుకొద్దీ. ఆ "గారు" ఆవిడకి తెగ నచ్చేసింది. అర్థం విడమర్చి చెప్పాను కూడా. అయినా మర్నాటి వారం నుంచి నన్నే "గారు" అని పిలవడం మొదలుపెట్టారు. ఆరేళ్ళ పాటు ఆ గదిలో నా పేరు గారు.

* * *

సంచి విప్పడానికి ఒక వరస ఉండేది. అన్నిటికంటే పైన ఒక పూల దుప్పటి, నాలుగు బట్టల క్లిప్పులు. మా గది తలుపుకి నిలువుగా, బయట నుంచి లోపలికి కనపడేలా ఒక అద్దం ఉండేది. పక్క గదిలో పిల్లల కరాటే. పిల్లల కోసం కాచుకుని కూర్చున్న తండ్రులు కాళ్ళు చాపుకోడానికి లేచినట్టు లేచి, సరిగ్గా ఆ అద్దం ముందుకొచ్చి నిలబడేవాళ్ళు. "ముందు దుప్పటి, తర్వాతే డాన్సు" అనేవారు టీచరు గారు. ఆ దుప్పటి పడ్డాకే లోపల అందరి భుజాలూ కిందికి దిగేవి.

దుప్పటి కింద ఎక్స్‌టెన్షన్ తీగ. తీగ కాళ్ళకి తగలకుండా నేలకి అంటించడానికి వెండి రంగు టేపు. పాటల పెట్టె, దానికి ఆరు లావుపాటి బ్యాటరీలు. ప్లగ్గు పనిచేస్తున్నా సరే, బ్యాటరీలు లేకుండా ఆవిడ ఇల్లు కదిలేవారు కాదు.

ఆ కింద దిండు గలీబులో కుక్కిన నడుం స్కార్ఫులు. వరసలు వరసలుగా రేకు నాణేలు కుట్టినవి. కొనుక్కోలేని వాళ్ళకీ, మర్చిపోయి వచ్చిన వాళ్ళకీ అని పదిహేను దాకా తెచ్చేవారు. గలీబు నేల మీద దులపగానే సంతలో చిల్లర కొట్టు మూట విప్పినంత చప్పుడు. వాటిల్లో మూడింటికి రెండు కొసల్లోనూ అదే రంగు గుడ్డ మూర మూర అతికించి కుట్టి ఉండేది. ఎందుకో చాలా రోజులకి గానీ నాకు వెలగలేదు. బాగా లావుగా ఉన్నవాళ్ళు మొదటి రోజు వచ్చి, స్కార్ఫు తీసుకుని, అది నడుం చుట్టూ రాక, నవ్వు మొహం పెట్టి పక్కన పెట్టేస్తారు. మరుసటి వారం ఇంక రారు. అందుకని ఆ మూడూ ఎప్పుడూ కుప్పకి పైనే పడేట్టు సర్దేవారు. ఎవరూ వెతుక్కోనక్కర్లేకుండా చేతికి అవే వచ్చేవి. ఉత్తరాలు పంచే పోస్టావిడ ఒకామె ఎర్రది తీసి కట్టుకుని, రెండు చుట్లు తిరిగి, "ఇది నాకు సరిపోయింది!" అని అరవడం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. టీచరు గారు అటు చూడనైనా చూడలేదు. తీగకి టేపు అంటించుకుంటున్నారు.

ఆ తర్వాత మేజోళ్ళు. పసిపిల్లల మేజోళ్ళు! వాళ్ళబ్బాయి చిన్నప్పటివి. ఒక్కో మేజోడులో నాలుగేసి చిన్న ఇత్తడి తాళాలు. బొటనవేలికి ఒకటి, మధ్యవేలికి ఒకటి, రెండు చేతులకీ కలిపి నాలుగు. తుర్కీ మాటలో వాటిని జిల్ అంటారు, ఈజిప్టులో సాగాత్. మేజోడులో ఎందుకంటే, ఊరికే సంచిలో పడేస్తే దారంతా మోత.

నాణేలు రాలేవి. క్లాసయ్యాక లైట్లు ఆర్పబోయే ముందు అందరం వంగి నేల వెతికేవాళ్ళం. ఒకసారి మర్నాడు పొద్దున యోగా క్లాసులో ఎవరి అరికాల్లోనో గుచ్చుకుందని సెంటర్ వాళ్ళు ఆవిడకి ఒక ఘాటు ఉత్తరం రాశారు. అప్పటి నుంచి సంచిలో ఒక అయస్కాంతం చేరింది. తీరా చూస్తే ఆ నాణేలు అయస్కాంతానికి అంటవు. అయినా దాన్ని తీసేయలేదు ఆవిడ.

* * *

చిన్నప్పుడు బందరులో మాకు కూచిపూడి నేర్పిన మేస్టారు మొవ్వ వైపు నుంచి బస్సులో వచ్చేవారు. ఆయనదీ ఒక సంచే, చేతికి తగిలించుకునే గుడ్డ సంచి. అందులో తాళాల జత, ఒకటి కంచు, ఒకటి ఉక్కు. ఒక తట్టు కర్ర, ఒక తువ్వాలు, పొడుం డబ్బా. అంతే. మేం వీధి అరుగు మీద నిలబడి సందు మలుపులో ఆ సంచి కనపడగానే లోపలికి పరిగెత్తి మోకాళ్ళు పక్కలకి వంచి అరమండిలో నిలబడేవాళ్ళం, అప్పటిదాకా సాధన చేస్తున్నట్టు.

ఆయన గొంతు నాకు ఒక్క మాటలోనే గుర్తు. "నడుం! నడుం కదులుతోంది!" వెంటనే కర్ర పలక మీద ఠక్కుమనేది. పలక మీద పడని రోజులూ ఉన్నాయి.

ఇక్కడేమో నడుం తప్ప ఏదీ కదపకూడదు. పై ఒళ్ళు నీళ్ళకుండ మోస్తున్నట్టు నిలకడగా ఉండాలి, కింద తుంటి మాత్రం ఎనిమిది అంకె దిద్దాలి. పది పన్నెండేళ్ళు మేస్టారి కర్రకి భయపడ్డ నడుం అంత తేలిగ్గా మాట వింటుందా? మొదటి రెండు నెలలు మొద్దులా నిలబడ్డాను. పైగా అలవాటు చొప్పున పాదం గట్టిగా తట్టేదాన్ని. "గారూ, కింద అంతస్తులో ఎవరినైనా పిలుస్తున్నావా?" అనేవారు ఆవిడ.

నాకు సులువుగా వచ్చింది ఒక్క లయే. పాటల పెట్టె ఆపి ఆవిడ ఒక్కోసారి చేత్తో డోలు వాయించేవారు, కూజా ఆకారంలో ఉండే దర్బుకా. ఈజిప్టు వాళ్ళు దాన్ని తబ్లా అంటారని చెబితే, మా తబలా ఇది కాదండీ అని వాదించాను. మధ్యలో కొడితే దుమ్, అంచున కొడితే తెక్. దుమ్ తెక్, తెక్ దుమ్, తెక్: ఇది మక్సూమ్. రెండో దెబ్బని కూడా దుమ్ చేస్తే బలదీ అయిపోతుంది. సయీదీలో రెండు దుమ్‌లు మధ్యకి జరుగుతాయి. అది ఎగువ ఈజిప్టు లయ, దానికి చేతికర్ర తిప్పుతూ ఆడతారు. అక్కడి మగవాళ్ళ కర్రసాములోంచి వచ్చిందట. ఇదంతా నాకు జతులు కొత్త లిపిలో చదువుతున్నట్టు ఉండేది.

ఒక మంగళవారం తుర్కీ లయ ఒకటి ఎత్తుకున్నారు, కర్షిలమా. తొమ్మిది మాత్రలు. క్లాసు క్లాసంతా బోర్లాపడింది. "ఒకటి రెండు, ఒకటి రెండు, ఒకటి రెండు, ఒకటి రెండు మూడు" అని లెక్కపెడుతూ అందరూ చివరి మూడు దగ్గర ఒకళ్ళ కాలు ఒకళ్ళు తొక్కుకుంటున్నారు. నేను మూల నిలబడి, నాకోసం నేను, "తక తక తక తకిట, తక తక తక తకిట" అనుకుంటున్నాను. ఆవిడ డోలు ఆపేశారు.

"ఏమన్నావ్? మళ్ళీ అను."

అన్నాను. అందరి చేతా అనిపించారు. పోస్టావిడ, నర్సమ్మ, బ్యాంకులో పనిచేసే అమ్మాయి, అందరూ "టాకా టాకా టాకా టాకీటా" అంటూ గది చుట్టూ తిరిగారు. పది నిమిషాల్లో లయ దొరికేసింది. ఆవిడ సంచి పక్క జేబులోంచి ఒక అట్టముక్క తీసి ఏదో రాసుకుని మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు. మేస్టారు ఉంటే ఆ "టాకీటా"కి ఏమనేవారో.

* * *

క్లాసయ్యాక ఆవిడే నన్ను ఇంటి దగ్గర దింపేవారు. ఆ కాస్త ప్రయాణంలో విన్నవే నాకు తెలిసిన సగం సంగతులు. డెబ్బైల్లో శాన్‌ఫ్రాన్సిస్కో నార్త్ బీచ్‌లో అరబ్బు క్లబ్బులు ఉండేవట, వాద్యగాళ్ళు ఎదురుగా కూర్చుని వాయిస్తుంటే ఆవిడ అక్కడ నేర్చుకున్నారు. "బెల్లీ డాన్స్ అనే పేరు వాళ్ళది కాదు, మాది" అనేవారు. ఈజిప్టులో దాన్ని రక్స్ షర్కీ అంటారు, తూర్పు నాట్యం అని. 1893లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు కైరో వీధి అని ఒక బజారు కట్టి, అక్కడ ఈ నాట్యం చూపించారు. జనం ఎగబడ్డారు, పెద్దమనుషులు ముక్కు మీద వేలేసుకున్నారు, పేరు మాత్రం అమెరికాలో స్థిరపడిపోయింది. కైరోలో బదియా మసాబ్నీ అనే ఆవిడ 1926లో క్లబ్బు తెరిచాక దీనికి రంగస్థలం హంగులొచ్చాయి. సామియా గమాల్, తహియా కారియోకా లాంటి వాళ్ళు ఆవిడ దగ్గర తయారై సినిమాల్లోకి వెళ్ళినవాళ్ళే.

ఇవన్నీ చెబుతూ రెడ్ సిగ్నల్ దగ్గర ఎడమ మోకాలు నొక్కుకునేవారు. ఆ స్టేషన్ వాగన్‌కి క్లచ్ ఉండేది.

* * *

అమ్మ ఆరు నెలలకి వచ్చింది. వచ్చిన మూడో రోజే బీరువాలో నా స్కార్ఫు బయటపడింది. చేత్తో పైకెత్తి పట్టుకుని, "ఇదేంటే, ఎడ్ల మెడలో కట్టే మువ్వల పట్టెడలా ఉంది?" అంది. దాచి లాభం లేదు, చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. "క్లబ్బు డాన్సన్నమాట" అంది చివరికి. మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

కానీ మంగళవారం సాయంత్రానికి చీర మీద స్వెట్టరు, దాని మీద శాలువా కప్పుకుని, "పద, చూద్దాం" అని తనే బయల్దేరింది.

మడత కుర్చీలో కూర్చుంది. మేం ఆడుతుంటే మావంక చూసినట్టే లేదు. అమ్మ కళ్ళన్నీ మేజోళ్ళలోంచి బయటికొచ్చిన తాళాల మీద. నల్లగా, మచ్చలు పడి ఉన్నాయి. "ఇత్తడిని ఇలా పెట్టుకుంటారా ఎవరైనా? అడుగు ఆవిణ్ణి" అంది. నేను అడగలేదు. పైవారం అమ్మ హార్లిక్స్ సీసాలో నానబోసిన చింతపండూ, కాగితం పొట్లంలో ఉప్పూ పట్టుకొచ్చింది. మేం క్లాసు చేసుకుంటుంటే బాత్రూం సింకు దగ్గర నిలబడి అరవై తాళాలూ తోమింది. శబ్దం పోతుందేమోనని టీచరు గారికి టెన్షన్. రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి వచ్చారు. అమ్మ తుడిచి, దుప్పటి మీద వరసగా ఆరబెట్టాక ఒక జత తీసి మోగించి చూశారు. ఇంకోసారి మోగించారు. ఏమీ అనలేదు. అమ్మ పక్కన నేల మీద కూర్చుందామని వంగితే మోకాలు టక్కున చప్పుడు చేసింది.

అమ్మకి ఇంగ్లీషు రాదు. ఆ చప్పుడు మాత్రం తెలుసు. చేతిసంచిలోంచి అమృతాంజనం సీసా తీసింది. "అమ్మాయ్, ఆవిణ్ణి కాలు చాపమను." చాపారు. నల్ల గౌను అంచు మోకాలి దాకా జరిపి, పది నిమిషాలు మర్దనా చేసింది, మా నాన్నమ్మకి చేసినట్టే, పై నుంచి కిందికి. గదంతా ఆ ఘాటు. అందరూ స్కార్ఫులు మడతపెడుతూ చూస్తున్నారు. ఎవరూ మాట్లాడలేదు. టీచరు గారు కళ్ళు మూసుకుని గోడకి ఆనుకుని కూర్చున్నారు.

కారులో ఆ సీసా గురించి అడిగారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారని మా వాడేననీ, బొంబాయిలో మొదలుపెట్టాడనీ, ఆ డబ్బుతోనే ఆంధ్రపత్రిక నడిపాడనీ చెప్పాను. ఏ సంవత్సరం అన్నారు. 1893 అన్నాను. సిగ్నల్ పచ్చగా మారినా కారు కదల్లేదు. వెనక నుంచి హారన్ కొట్టారు.

అప్పటి నుంచి ఇండియా వెళ్ళొచ్చినప్పుడల్లా నాలుగు సీసాలు ఆవిడ వాటా. అమ్మ తిరిగి వెళ్ళేటప్పుడు ఆవిడ తన తాళాల్లోంచి ఒక చేతివి రెండు తీసి అమ్మకిచ్చారు. బందరులో శనివారం భజనలో అమ్మ అవే వాయించేది. ఎలాస్టిక్ వదులైపోతే తీసి పారేసి ఎర్ర దారం ముడేసుకుంది. "ఈజిప్టువి" అని అందరికీ చూపించేదిట, క్లబ్బు డాన్సు సంగతి మాత్రం ఎత్తకుండా.

* * *

మోకాలి ఆపరేషన్ చేయించుకున్న నెల నన్ను క్లాసు తీసుకోమన్నారు. గ్రీన్ కార్డు లేదు కాబట్టి డబ్బు మాటే లేదు. సంచి ఇంటికి తెచ్చుకుని ముందురోజు రాత్రి నేనే సర్దాను. అన్నీ తీసి, కడిగి, మడిచి, ఎంతో శ్రద్ధగా. అప్పుడు చూశాను అట్టడుగున ఆవిడ సొంత స్కార్ఫు. నల్లది, ఒక్క నాణెం కూడా లేనిది. తర్వాత అడిగితే, "నాది మోగితే మీవి మీకు వినపడవుగా" అన్నారు.

అంత శ్రద్ధగా సర్దిన దాన్ని బ్యాటరీలు వంటింటి గట్టు మీద వదిలేసి వెళ్ళాను. ఆరోజే ఆ గదిలో ప్లగ్గు పనిచేయలేదు. పద్నాలుగు మంది నా మొహం చూస్తున్నారు. ఇంకేం చేయను, గంటన్నరసేపు నోటితోనే దుమ్ దుమ్ తెక దుమ్ తెక అంటూ, తొడ మీద చరుస్తూ క్లాసు చెప్పాను. ఇంటికొచ్చేసరికి గొంతు పోయింది. ఫోనులో ఆవిడ నవ్విన నవ్వు ఆపరేషన్ అయిన మనిషి నవ్వు కాదు.

* * *

ఇప్పుడు హైదరాబాదులో, మా అపార్టుమెంటు క్లబ్‌హౌసులో శనివారాలు నేనూ నేర్పుతున్నాను. తొమ్మిది మంది. పాటలు ఫోనులో, అరచేతిలో పట్టే స్పీకరు ఒకటి. సంచి అనేంత సంచే లేదు. దుప్పట్లు మాత్రం నాలుగు. మా క్లబ్‌హౌసుకి మూడు వైపులా అద్దాలే మరి.

టీచరు గారు పోయారని చలికాలం చివర్లో తెలిసింది. ఆ సంచి ఏమైందో అడగాలనుకుని, ఏం బాగుంటుందిలే అని ఊరుకున్నాను. ఆవిడే సర్ది పెట్టుంచారు. పొట్లంలో వాళ్ళబ్బాయి చీటీ: "దీని మీద 'గారు'కి అని రాసి ఉంది. అది మీరేనని క్లాసు వాళ్ళు చెప్పారు."

నల్ల స్కార్ఫు. అడుగంటిన అమృతాంజనం సీసా. అంచులు నలిగిపోయిన అట్టముక్క, దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో తక తక తక తకిట, చివరి మూడు అక్షరాల కింద గీత. ఒక నీలం మేజోడు. మేజోడులో తాళాలు నాలుగు ఉండాలి, రెండే ఉన్నాయి. పొట్లం కాగితం కూడా దులిపి చూసి, అప్పుడు గుర్తొచ్చి లేచాను.

అమ్మవి మా పూజ గదిలో, గంట పక్కన ఉన్నాయి. అమ్మ పోయాక బందరు ఇంట్లోంచి తెచ్చుకున్న కొద్ది సామాన్లలో అవొకటి. ఎర్ర దారం, దాని ముడిలో కుంకుమ. తెచ్చి పక్కపక్కన పెట్టాను. అమ్మవి తళతళలాడుతున్నాయి. టీచరు గారివి మళ్ళీ ఎప్పట్లాగే నల్లగా, మచ్చలు మచ్చలుగా.

చింతపండు నానబోశాను. శనివారం లోపల ఎలాస్టిక్ కొనాలి, సన్నది, అర మీటరు చాలు.